జమునక్క నెట్

స్టిక్కర్లు వచ్చిన రోజు పొద్దున్నుంచీ వాన పడుతూనే ఉంది. రఘుపతి ఆ కట్టను బల్ల మీదే ఉంచి, దారాన్ని కత్తెరతో తెంపి, కత్తెర మొనతోనే పైకాగితం తొలగించాడు. లోపల అరచేయంత స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నిటి మీదా నల్లచుక్కల చదరం. చదరం కింద హిందీలో, గుజరాతీలో ఆఫీసు పేరు. తెలుగులో లేదు.

"ఇగో జమునా," అన్నాడు. "ఇంక ఇరవై రోజుల్ల, ఒకటో తారీఖు నుంచి నోట్లు బంద్. అందరు దీన్ని స్కాన్ కొట్టే పైసలు కట్టాలె. ఈ నాలుగైదు రోజుల్ల ఇంటింటికి పోయి అంటిపెట్టు. ఎట్ల కొట్టాల్నో నేర్పు. ముసలోళ్లను కూడ ఇడిసిపెట్టకు."

జమున తడిసిన గొడుగును గుమ్మం బయట ఆనించి లోపలికి వచ్చింది. జారిన మాస్కును ముక్కు మీదికి లాక్కుంది. లింబాయత్ గల్లీల్లో రఘుపతి ఇంటర్నెట్ వైరు వెళ్లిన ప్రతి గదికీ ఆమె వెళ్తుంది. నెలనెలా రసీదు పుస్తకం చంకన పెట్టుకుని తిరిగి, డబ్బు వసూలు చేసి తెచ్చి ఈ బల్ల మీద పెడుతుంది. ఆమె ఉద్యోగమంతా అదే.

స్టిక్కర్ల కట్ట చేతిలోకి తీసుకుని చూసింది. బరువు లేదు.

"అందరు నేర్చుకున్నంక, అన్నా?" అంది.

రఘుపతి కిటికీ వైపు చూశాడు. "నీకు తిరుగుడు తప్పుతది. గీ వానల్ల, గీ బీమార్ల ఎందుకు తిరుగుడు?"

"మంచిదే అన్నా," అంది జమున. మంచిది కాదని ఇద్దరికీ తెలుసు.

వెనక గదిలో ఒక గోడ నుంచి మరో గోడకు ప్లాస్టిక్ తాడు కట్టి ఉంది. దానికి క్లిప్పులు పెట్టి ఆరేసిన నోట్లు ఫ్యాను గాలికి కదులుతున్నాయి. ఆమె తెచ్చిన ప్రతి నోటునూ రఘుపతి రొట్టెలు కాల్చే చిమటాతో పట్టుకుని, శానిటైజర్ కొట్టి, అక్కడ వేలాడదీస్తాడు. రంగు వెలిసి, అంచులు ముడుచుకుపోయాక కూడా వాటిని చిమటాతోనే తీస్తాడు. ఆ తాడు కింద కనకయ్య కుర్చీ ఉంది, కుర్చీలో కనకయ్య ఫొటో. వసూళ్లన్నీ ఆయనే లెక్కపెట్టేవాడు. ప్రతి పది నోట్లకూ వేలిని నాలుకకు తాకించుకునేవాడు. "ఉమ్ము లేకుంటే లెక్క తప్పుతది రా తమ్మీ," అనేవాడు రఘుపతితో. ఏప్రిల్‌లో ఆయనను ఆటోలో ఎక్కించినప్పుడు రెండో చెయ్యి పట్టుకున్నది జమునే. ఆయన తిరిగి రాలేదు.

క్రితం ఆదివారం బ్యాంకు జనార్దన్ గారు వచ్చి కూర్చున్నారు. ఆల్థాన్‌లో ఆయన ఉండే బిల్డింగ్‌కు కూడా రఘుపతి కనెక్షనే. చిన్న వ్యాపారానికి డబ్బు రాబట్టుకునే దారులు ఎన్ని ఉన్నాయో ఆయన వేళ్లు మడిచి చెప్పారు. ఫోన్‌కు లింకు పంపడం ఒకటి, కార్డు మిషన్ ఒకటి, నెలనెలా ఖాతా నుంచి దానంతటదే కోసుకోవడం ఒకటి, స్కాన్ ఒకటి. దేనికి ఎంత కమీషన్, దేనికి ఎంత తిప్పలు, అన్నీ చెప్పారు. జమున చాయ్ కప్పులు పెడుతూ వింది. రఘుపతి కమీషన్ గురించి అడగలేదు. ఒక్కోదానికీ ఒకటే అడిగాడు.

"దీంట్ల నోటు ముట్టుకునుడు ఉంటదా సార్?"

"ఉండదండీ," అని ఆయన నవ్వారు. "అసలు సంగతి అదే కదా."

ముసలి మొండయ్య ఉండే ఖోలీ మెస్ పైన ఉంటుంది. ఒకటే గది, పన్నెండు మంది. అందరూ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసేవాళ్లే, సగం మంది పగటి పాళీ, సగం మంది రాత్రి పాళీ. పరుపులు ఆరే. పగటివాళ్లు వచ్చి నడుం వాల్చేటప్పటికి రాత్రివాళ్లు లేచి పోవాలి. పరుపులకు చల్లారే తీరిక ఉండదు. పన్నెండు మందీ ఒకరినొకరు చూసుకునేది పాళీ మారేటప్పుడు, ఒకరు చేతులు కడుక్కుంటుంటే ఒకరు చెప్పులు తొడుక్కునే ఆ కాసేపు. జమున ఎప్పుడూ ఆ వేళకే వస్తుంది. ఒక్కో మనిషీ అందరూ చూస్తుండగా తన వంతు ఆమె చేతిలో పెడతాడు. ఇచ్చానని తర్వాత అబద్ధమాడే వీలు ఎవరికీ ఉండదు. ఆమె ఒక్క రసీదు రాస్తుంది. మొండయ్య దాన్ని మేకుకు గుచ్చుతాడు.

ఆ సాయంత్రం ఆమె గోడను గుడ్డతో తుడిచింది. తేమకు స్టిక్కర్ పట్టలేదు. రెండోసారి తుడిచి అరచేత్తో నొక్కి పట్టుకుంది.

"ఏందక్కా అది, దేవుని పటమా?" అన్నాడు దేవదాస్. రాత్రి పాళీ పిల్లగాడు, అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు.

"పైసలు కట్టే పటం. ఫోన్ల కెమెరా తెరిచి చూపెట్టు."

"చూపెడితే పోతయి, సరే. ముట్టినయని ఎవరు చెప్తరు? గోడ చెప్తదా?"

నలుగురు నవ్వారు. జమున కూడా మాస్కు కింద నవ్విందేమో, కళ్లు కాస్త చిన్నవయ్యాయి.

"ఫోన్లనే వస్తది, అయినయని. కాని ఇప్పుడే కొట్టకుండ్రి. అకౌంటు ఇంకా చాలు కాలేదు. ఒకటో తారీఖుకు అయితదంట."

"అకౌంటే లేకుంట నేర్పుతవా? నీళ్లు లేకుంట ఈత నేర్పినట్టుంది అక్కా."

అతని మాట నిజమే. రఘుపతికి ఫోన్ చేసి అడిగితే, ఏదో ఒకటి చేసి నేర్పెయ్, బ్యాంకోళ్లు లేటు చేస్తున్నరు అన్నాడు. ఆమె నంబరు అందరి ఫోన్లలోనూ ఉంది. వైరు తెగినా, బొమ్మ ఆగినా ఆమెకే చేస్తారు. అందరి ఫోన్లలోనూ ఆమె పేరు ఒకటే, జమునక్క నెట్.

"నా నంబరుకు ఒక్క రూపాయి కొట్టుండ్రి," అంది. "ఎట్ల పోతదో చూసుకుండ్రి. మళ్లీ నేను మీకు తిప్పి కొడత."

దేవదాస్ కొట్టాడు. ఆమె చేతిలో ఫోన్ టింగుమంది. "వచ్చింది," అని తెర తిప్పి చూపించింది. అతను రెండు చేతులూ జోడించి గోడ మీది స్టిక్కర్‌కు దండం పెట్టాడు. తర్వాత ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూసుకుంటూ, తప్పు నొక్కిన వాణ్ణి తిట్టుకుంటూ అందరూ కొట్టారు. ప్రతి రూపాయికీ ఆమె "వచ్చింది" అంది. ప్రతి రూపాయినీ తిప్పి పంపింది. రాత్రి పాళీవాళ్లు ఆ రోజు మెట్ల మీద పరుగెత్తి వెళ్లారు.

చివరికి పగటి పాళీ మొండయ్య మిగిలాడు. ఆయనది బటన్ల ఫోను. వీడియోలో మనవరాలిని చూడాలంటే తన పాళీవాళ్ల ఫోనే దిక్కు. దాన్ని పప్పుగిన్నెకు ఆనించి పెట్టుకుని, ఆ పిల్ల అక్కడ పాఠం అప్పజెబుతుంటే ఇక్కడ అన్నం తింటాడు. ఆయన జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి మడత విప్పాడు.

"నాకు గివన్ని రావు బిడ్డా. నాది ముందే పట్టు."

"నోటు తీసుకోవద్దన్నడు కాకా. దేవదాసుకియ్యి, వాడే కొడతడు."

"పాళీ మారంగ ఆడు ఉరుకుతనే ఉంటడు. ఆగుడు నువ్వొచ్చినప్పుడే గద." నోటును మళ్లీ మడిచాడు. "ఇగ నువ్వు రావా?"

జమున గోడ మీది స్టిక్కర్ అంచును గోటితో అదిమింది. ఒక మూల అప్పటికే లేస్తోంది.

"ఏమో కాకా," అంది.

తర్వాతి రోజుల్లో అన్ని ఖోలీల్లోనూ ఇదే జరిగింది. గోడ తుడవడం, స్టిక్కర్ నొక్కడం, ఒక రూపాయి, "వచ్చింది", ఒక రూపాయి వెనక్కి. నేర్చుకున్నవాళ్లు సంతోషంగా చూసేవాళ్లు. ఆమె బాగుందని తల ఊపేది. ఒక్కో గది అయిపోతుంటే చేతిలో కట్ట సన్నబడుతోంది. దాన్ని చూసి ఏమైనా అనిపిస్తుందేమోనని జమున తనను తానే గమనించుకునేది. ఏమీ అనిపించేది కాదు. కాళ్లు మాత్రం నొప్పి పెట్టేవి.

ఆఖరున ఆల్థాన్ వెళ్లింది. జనార్దన్ గారి తలుపు దగ్గర, చెప్పుల స్టాండ్ మీద ఎప్పటిలాగే స్టీలు ట్రే ఉంది. పక్కన శానిటైజర్ సీసా. కిందటి ఏడాది నుంచీ ఆయన భార్య ఛాయాదేవి డబ్బు ఆ ట్రేలో పెట్టి, తలుపు వేసుకుని, గొళ్లెం సందులోంచి "తీసుకో అమ్మాయ్" అనేది. జమున డబ్బు తీసుకుని రసీదు ట్రేలో పెట్టేది. ఆమె మెట్లు దిగాకే తలుపు తెరుచుకునేది. రసీదు మీద సీసా కొడుతున్న చప్పుడు కింది అంతస్తు దాకా వినిపించేది.

ఈసారి ఛాయాదేవి తలుపు తెరిచే నిలబడింది.

"మేము ఆటో పే పెట్టేసుకున్నాం అమ్మాయ్. నెలనెలా దానంతటదే వెళ్లిపోతుంది. స్టిక్కర్ మా గోడకు వద్దు, రంగు వేయించాం." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "మరి నీ ఉద్యోగం?" అంది.

ఇన్ని తలుపుల దగ్గర ఎవరూ అడగని మాట అది. జమున నోరు తెరిచేలోపు లోపల ఫోన్ మోగింది. ఛాయాదేవి ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి లోపలికి వెళ్లింది. గుజరాతీలో మాట్లాడుతోంది, పాలవాడి గురించి. జమున కాసేపు ట్రేను చూస్తూ నిలబడింది. ట్రే అడుగున తన మాస్కు కనిపించింది. తర్వాత మెట్లు దిగింది.

రెండో అంతస్తు దగ్గర ఫోన్ టింగుమంది. ఇంకా ఎవరు రూపాయి పంపుతున్నారో అనుకుని చూసింది. రఘుపతి పంపాడు. ఆ నెల పగార్. సగం. కింద అతని గొంతు రికార్డు చేసిన ముక్క. చెవికి ఆనించుకుని వింది.

"చెల్లె, నేర్పుడు అయిపోయిందన్నరు. మంచిగ చేసినవ్. ఇగ రేపటి నుంచి రాకున్నా సరే. సగం నెలే తిరిగినవ్ గద, సగం వేసిన. పరమేశ్ పానం జాగ్రత్త."

జమున మెట్టు మీదే నిలబడి అతనికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఏం అడగాలో ఆమె దగ్గర ఉంది, అడగడానికి మనిషి లేడు. అదే బల్ల ముందు నిలబడి ఉంటే అతను ఏ వైపు చూసేవాడో ఆమెకు తెలుసు, కిటికీ వైపు. అప్పుడు ఆమె కిటికీకి అడ్డంగా నిలబడేది.

మర్నాటి నుంచి జమున భర్త పరమేశ్‌తో కూర్చుని చీరలకు స్టోన్లు అతికించింది. పరమేశ్‌కు జ్వరం తగ్గి మూడు నెలలైనా దగ్గు పోలేదు. కార్ఖానాలో దారపు ధూళి పడదని, పూర్తిగా బాగైనాక రమ్మని శేఠ్ అన్నాడు. ఆ తర్వాత ఆ సాంచాల మీద ఇంకొకడు నిలబడ్డాడు. ఇప్పుడు దళారి తెచ్చి ఇచ్చే చీరలు నేల మీద పరుచుకుని, అంచు మీది పువ్వు పువ్వుకూ చుక్క గమ్ము పెట్టి, అద్దపు రాయిని సూది మొనతో ఎత్తి పెడుతున్నాడు. జమున కూడా అంతే. సాయంత్రానికి గమ్ము ఆమె వేళ్ల మీద పొరలా ఎండిపోయేది. ఆ వేళ్లకు వేడి తెలియదు, చల్లదనం తెలియదు. ఫోన్ తెర మీద పెడితే ఫోన్ కూడా వాటిని గుర్తుపట్టేది కాదు. నంబర్లు కొట్టి తెరవాల్సి వచ్చేది.

సాంచాలవాళ్లకు పగార్ పడ్డ రోజున ఆ ఫోన్ మోగడం మొదలుపెట్టింది.

మొదటిది దేవదాస్ నుంచి. యాభై. తర్వాత అదే ఖోలీ నుంచి ఇంకొకడు, యాభై. ఆ తర్వాత వేరే గల్లీ. అన్నం వండుతుంటే మోగింది, చీర మడత మారుస్తుంటే మోగింది. పరమేశ్ తల ఎత్తి చూశాడు.

"ఏందవి?"

"నెట్ పైసలు," అంది జమున. "నాకు కొడుతున్నరు."

ఏం జరిగిందో అర్థం కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. స్టిక్కర్ ఖోలీ గోడ మీద ఉంది. మనిషి కార్ఖానాలో, సాంచాల మధ్య చాయ్ తాగే వేళ ఫోన్ తెరుస్తాడు. డబ్బు పంపే చోట అందరికంటే పైన ఒక పేరు ఉంటుంది, ఇదివరకు రూపాయి పంపిన పేరు. నెట్ అని దాని పక్కనే రాసి ఉంది కూడా. ఇంకెక్కడ పంపుతాడు?

దేవదాస్‌కు ఫోన్ చేసి అదే చెప్పింది.

"నువ్వు నేర్పినట్టే కొట్టినం గదక్కా," అన్నాడు అతను, వెనక సాంచాల మోతలో అరుస్తూ. "వచ్చినయా?"

"వచ్చినయి," అంది.

రఘుపతికి చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. గొడుగు వేసుకుని ఆఫీసుకు వెళ్తే షట్టర్ వేసి ఉంది. పల్సానాలో కొత్త మిల్లుకు లైను వేస్తున్నాడని, రోజూ పొద్దు మునిగాకే వస్తున్నాడని పక్క కొట్టువాడు చెప్పాడు. తను చేసే ఫోన్లు ఎందుకు ఎత్తడం లేదో ఆమెకు తెలుసు. మిగతా సగం అడుగుతుందని.

"రానీ," అన్నాడు పరమేశ్ రాత్రి అన్నం తింటూ. "ఆయనే వస్తడు. ఇన్నేండ్లు ఎంతమంది గుమ్మాల ముందట నిలబడ్డవ్. ఆయన ఒక్క గుమ్మం ముందట నిలబడితే ఏం బోయింది?"

"అది కాదు. మన అకౌంట్ల ఫోన్ కిస్తు కట్టయితది. వీళ్ల పైసలు అండ్ల పోతయి."

పరమేశ్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. మొన్న కిస్తు కోసుకోవడానికి ఖాతాలో ఏమీ లేకపోతే ఫైనాన్స్‌వాళ్లు జరిమానా వేశారు. ఈసారి ఉంది. ఎవరి డబ్బని ఆ ఖాతా అడగదు.

తెల్లారి జమున ఏటీఎం ముందు వానలో నిలబడింది. తన సగం పగార్ మాత్రం వదిలేసి మిగతాదంతా తీసింది. ఇంటికి వచ్చి, ఏ ఖోలీది ఆ ఖోలీకి వేరు చేసి, చీరలు వచ్చే ప్లాస్టిక్ కవర్లలో పెట్టింది. కవర్లను రొట్టెల డబ్బాలో పెట్టి మూత వేసింది. రఘుపతికి గొంతు రికార్డు చేసి పంపింది. "అన్నా, అందరి పైసలు నా దగ్గరున్నయి. వచ్చి తీసుకపో." అతను దాన్ని వినలేదు. విననట్టు ఫోన్‌లో కనిపిస్తూనే ఉంది.

పదో తారీఖు దాటగానే లైన్లు ఆగిపోయాయి. కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఎవరినీ అడిగే పని లేదు. డబ్బు చేరని కనెక్షన్‌ను దానంతటదే కోసేసింది. ఉద్యోగంతో పాటు ఊరికే ఇచ్చిన జమున ఇంటి లైను కూడా పోయింది.

పగటి పాళీ లేని ఆదివారం మొండయ్య వచ్చాడు. తల మీద గోనెసంచి మడిచి కప్పుకున్నాడు, పంచె మోకాళ్ల దాకా తడిసింది.

"పైసలు కడితే కూడ బంద్ చేసిండ్రేంది బిడ్డా?"

జమున చెప్పింది. ఆయన గడప మీద కూర్చుని విన్నాడు.

"నువ్వు తిన్నవని అంటున్నరు కొందరు," అన్నాడు ఆయన మెల్లగా. "నేనైతే అనలే."

జమున రొట్టెల డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. ఆయన కవర్ల వైపు చూసి, తల అవతలికి తిప్పుకున్నాడు. "నాకెందుకు చూపెడుతున్నవ్," అన్నాడు. "పోరి పరీక్ష ఉన్నదట. రెండు రోజులైంది మొఖం చూడక. మేమందరం కలిసి పొద్దుమీకి ఆఫీసు కాడికి పోతున్నం."

సాయంత్రం వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు బయట బండి ఆగింది. రఘుపతి రేకుల చూరు కింద నిలబడ్డాడు. రెయిన్‌కోటు మీంచి నీళ్లు కారుతున్నాయి, ముఖానికి రెండు మాస్కులు. అప్పటికే ఆఫీసు ముందు మనుషులు చేరారని అతని కళ్లే చెబుతున్నాయి.

"జమునా," అన్నాడు.

ఆమె పువ్వుకు గమ్ము పెట్టి ఉంది. "జర ఆగన్నా. ఎండిపోతది," అంది. వరసలో మిగిలిన రాళ్లు ఒక్కొక్కటే సూదితో ఎత్తి పెట్టింది. పగతో చేయలేదు. గమ్ము నిజంగానే ఎండిపోతుంది. పరమేశ్ తల ఎత్తలేదు. రఘుపతి గడప బయట నిలబడి, కారే చూరు నీళ్లకు కాలు కొంచెం లోపలికి, మళ్లీ బయటికి జరుపుకుంటూ చూశాడు. అతను ఎప్పుడూ ఎవరి గుమ్మం ముందూ ఇలా నిలబడలేదు.

రాళ్లు అయిపోయాక ఆమె లేచి వచ్చింది.

"నీ నంబరు ఎందుకిచ్చినవ్ వాళ్లకు?"

"నీ అకౌంటు చాలు కాలే గదన్నా. ఏదో ఒకటి చేసి నేర్పమన్నవ్. నేర్పిన."

"నాకు చెప్పద్దా మరి?"

ఆమె ఫోన్ తెర తిప్పి చూపించింది. అతని పేరు పక్కన ఆమె చేసిన ఫోన్లు కిందికి కిందికి పోతూ ఉన్నాయి. రఘుపతి చూసి కళ్లు దించుకున్నాడు.

"సరే. ఇప్పుడు కొట్టు నాకు. మొత్తం ఒక్కసారే కొట్టు."

జమున పీట తెచ్చి గడప దగ్గర వేసి, దాని మీద రొట్టెల డబ్బా పెట్టి మూత తీసింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. చూరు నీళ్లు నేరుగా అతని తల మీద పడ్డాయి.

"నోట్లు తీసినవా?"

"కిస్తుల పోతయని తీసిన."

"మళ్ల బ్యాంకుల వేసి పంపరాదు?"

"రేపు వేస్త. ఇయ్యాల ఆయితారం. నెట్ కూడ లేదు, కోసినవ్ గద." గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ముందు లైన్లు ఇయ్యన్నా. ఎవరు కట్టిండ్రో నేను చెప్త, నువ్వు ఒక్కొక్కటి తెరువు."

అతను ఫోన్ తీశాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. పేరు చెబితే అతనికి మనిషి తెలియలేదు. దేవదాస్ ఎవరన్నాడు. మెస్ మీది ఖోలీ, పన్నెండు మంది ఒకటే లైను, సగం మంది రాత్రి పాళీ అని చెప్పింది. మరి ఒక్క కనెక్షన్‌కు ఇంతమంది ఎందుకు కొట్టారన్నాడు. ఎవరి వంతు వాళ్లు కట్టుకుంటారని చెప్పింది. ఒక్కో ఖోలీ గురించీ అతను అడుగుతూ, ఆమె చెబుతూ పోయింది. నాలుగేళ్లుగా ఈ గల్లీల్లో అతని వైర్లు తిరుగుతున్నాయి. ఏ వైరు చివర ఎవరున్నారో అతను మొదటిసారి వింటున్నాడు. కాసేపటికి అడగడం మానేసి, ఆమె చెప్పినట్టు నొక్కుతూ పోయాడు.

పక్క ఇంట్లో ఆగిపోయిన సీరియల్ ఏడుపు మళ్లీ మొదలైంది. దేవదాస్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: నెట్ వచ్చిందక్కా.

రఘుపతి ఫోన్ జేబులో పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు.

"రేపటి నుంచి రా చెల్లె," అన్నాడు. "స్కాన్ కొట్టెటోళ్లు కొడతరు. కొట్టనోళ్లవి నువ్వే పట్టుకరా. నేను ముట్ట. నాతోని కాదు." ఆగి అన్నాడు, "కనకన్న నాలుకకు వేలు పెట్టుకునుడు నా కండ్ల ముందటనే ఉంటది. అప్పుడు నేను వద్దనలే."

జమున డబ్బాలోని కవర్లు సరిచేసింది. "నా పగార్ సగమే వేసినవ్ అన్నా."

"సగం నెల..."

"నేర్పింది అందరికి."

అతను కిటికీ కోసం వెతుకుతున్నట్టు పక్కకు చూశాడు. అక్కడ గోడే ఉంది. "సరే, ఇగో ఇప్పుడే కొడత," అని ఫోన్ ఎత్తాడు.

"ఫోన్ల వద్దు. చేతికియ్యి."

"చేతికా?"

"ఆనాడు సగం పడ్డది. ఎందుకు సగమని అడుగుదామంటే, ఆడ ఎవరు లేరన్నా. మెట్ల మీద నేనొక్కదాన్నే ఉన్న." ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. "నాకు మాత్రం ప్రతి నెల చేతికే ఇయ్యి. తక్కువైతే నీ మొఖం చూసి అడుగుత."

పరమేశ్ దగ్గు ఆపుకోవడానికి మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

రఘుపతి జేబులు తడుముకున్నాడు. వాటిలో నోట్లు ఉండవు, ఏప్రిల్ నుంచీ లేవు. ఉన్నవి ఆ డబ్బాలోనే. అతను దాని వైపు చాలాసేపు చూశాడు. చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. వంగి, ఒక కవరు తీసి విప్పాడు. నోట్లు అతని చేతిలోకి వచ్చాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కొన్ని నోట్ల తర్వాత కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది, చూపుడు వేలు పెదవుల దగ్గరికి వెళ్లింది. మాస్కుకు తగిలి ఆగిపోయింది.

అతను ఆ వేలిని అక్కడే కొంతసేపు ఉంచాడు. తర్వాత కిందికి దించి, పొడి వేలితోనే మిగతావి లెక్కపెట్టి ఆమెకు అందించాడు.

జమున తీసుకుంది. గమ్ము ఎండిన వేళ్లకు నోట్లు తగిలింది తెలియలేదు. అరచేతికి మాత్రం వాటి చెమ్మ తెలిసింది. వాటిని నడుం దగ్గర దోపుకుని లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను రెండు చేతులూ చాచాడు. చూరు కింద కాలువలోకి ఆమె నీళ్లు పోస్తుంటే చేతులు రుద్దుకున్నాడు. చెంబు ఖాళీ అయ్యాక కూడా రుద్దుకుంటూనే ఉన్నాడు.

ఆమె డబ్బా మూత పెట్టి పరమేశ్ పక్కన ఉంచింది. మేకుకు వేలాడుతున్న రసీదు పుస్తకం తీసి చంకలో పెట్టుకుంది, గొడుగు అందుకుంది.

"ఇప్పుడెక్కడికి?" అన్నాడు రఘుపతి. "రేపటి నుంచి అన్న గద."

"మొండయ్య కాకది ఇంకా రాలే అన్నా," అంది జమున, చెప్పులు తొడుక్కుంటూ. "ఆయనకు ఫోన్ల కొట్టరాదు. రాత్రి పాళీవాళ్లు ఎల్లకముందే పోవాలె."